న్యాయమూర్తి సర్ తిరువారూరు ముత్తుస్వామి అయ్యరుగారి జీవితము

ప్రతివర్షమును మన మహాసభ వార్షిక సంచికయందు మన కులమున జన్మించి విద్యచేతను, ఔదార్యముచేతను, ఉద్యోగ నిర్వహణముచేతను ప్రసిద్ధిగాంచిన మహనీయుల జీవితములను ప్రకటించుట ఆచారమై యున్నది. ఈ వర్షము న్యాయశాఖలో ఉన్నతపదవి నధిష్ఠించిన యొక మహాపురుషుని చరిత్రమును వ్రాయవలసినదిగా సంచిక నిర్వాహకులు మమ్ము కోరిరి. మేమెన్నుకొన్న మహనీయుడు మన కులమువాడు కాడు. మన జిల్లావాడు కాడు. మన మాతృభాష ఆయనకు మాతృభాషయు కాదు. అయినను ఆయన చరిత్రమునే యెన్నుకొనుటకు తగిన కారణము కలదు. ఆ కారణమును వ్యాసాంతమున విన్నవింతుము. అంతవరకు చదువరులు ఓపిక వహింతురుగాక యని ప్రార్థించుచున్నారము.

నెలకొక రూపాయి జీతముపై గ్రామకరణము నొద్ద లెక్కలు వ్రాసిన పితృహీనుడైన బాలుడు, చెన్నపురి హైకోర్టు న్యాయపీఠము నధిరోహించిన ప్రథమ భారతీయుడగుట సామాన్య విషయము కాదు. సర్ తిరువారూరు ముత్తుస్వామి అయ్యరుగారి ఈ యభ్యుదయము అదృష్టవశమున నొక్క దినమున సంప్రాప్తమైనది కాదు. ఒక్కొక్క మెట్టే యెక్కుచు, ఎక్కిన ప్రతి మెట్టునందును విద్య నార్జించుచు, ఆయన ఆ పీఠమును జేరిరి.

బాల్యము

ముత్తుస్వామి అయ్యరుగారు 1832 సం॥ జనవరి 28వ తేదీన తంజావూరు మండలములోని వుచ్చువాడి యను గ్రామమున నొక నిరుపేద బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. తండ్రి గతించిన పిమ్మట, తల్లి పేదరికమునకు తాళజాలక, తన యిద్దరు కుమారులను వెంటబెట్టుకొని తిరువారూరు చేరెను. తిరువారూరు ఆంధ్రులకు క్రొత్త యూరు కాదు. తెలుగు కీర్తనలతో దక్షిణదేశమునెల్ల పావనము గావించిన త్యాగరాజస్వామి జన్మించినది ఆ క్షేత్రముననే. ఆ యూరి పేరే మన కథానాయకుని పేరునకు ముందు చేరి శాశ్వతముగా నిలిచినది.

అచ్చట బాలుడు అరవము చదువను వ్రాయను నేర్చుకొనెను. ఇల్లు గడచుట దుర్భరమగుటచే, చదువు సాగవలసిన యీడుననే గ్రామకరణము క్రింద చేరవలసి వచ్చెను. జీతము నెలకొక రూపాయి. ఆ కాలముననే తల్లియు స్వర్గస్థురాలయ్యెను. ఆమె స్మృతిని ఆయన జీవితాంతము వరకును భక్తితో హృదయమున నిలుపుకొనిరి. తండ్రి లేడు, తల్లి లేదు, ఆస్తి లేదు. చేతనున్నది కరణపు కలము మాత్రమే. ఇట్టి బాలురు ఆనాడు ప్రతి గ్రామమునను ఉండిరి. వారిలో పెక్కురు కరణపు లెక్కలలోనే ముదుసలులైరి. ఈ బాలుడట్లు కాకపోవుటకు ఒక్క మనుష్యుడు కారణమయ్యెను.

ఆయన ముత్తుస్వామి నాయకరు అను తహసీల్దారు. ఒకనాడు ఆయనకు కట్ట గండిపడినదని వార్త వచ్చెను. కావేరీ డెల్టాలో గండి యనగా నేమో గోదావరీ కృష్ణా తీరముల వసించు మనకు వేరుగా చెప్పనక్కరలేదు. ఒక్క రాత్రి యాలస్యమైనచో పంటలును, పశువులును, ఇండ్లును నీటిపాలగును. ఆ సమయమున పంపుటకు పెద్ద గుమాస్తాలెవ్వరును దగ్గర లేరు. ఎదుట నున్నవాడు ఈ బాలుడు. తహసీల్దారు వానినే పంపెను. బాలుడు పోయి, గండి నంతయు స్వయముగా పరీక్షించి, దానిని పూడ్చుటకు వలయు వివరములన్నియు సేకరించుకొని వచ్చి విన్నవించెను. ఆ వివరములనుబట్టియే తహసీల్దారు పని నడిపించెను. పిదప విచారింపగా బాలుడు చెప్పినదంతయు సరిగా నుండెను.

ఇట్టి సందర్భమున పెక్కుమంది యధికారులు బాలుని మెచ్చుకొని, వీపు తట్టి, మరల లెక్కల కడకు పంపి యుందురు. నాయకరుగారు అంతటితో తృప్తి చెందలేదు. ఇట్టి తెలివి నెలకొక రూపాయికి కరగిపోవలసినది కాదని నిశ్చయించి, తన మేనల్లునికి తోడుగా ఆ బాలుని కూడ చెన్నపట్టణమునకు పంపి, ఆంగ్లవిద్య చెప్పించెను. ఆయన బ్రాహ్మణుడు కాడు. బాలునికి బంధువును కాడు. ఈ సంగతిని చదువరులు మనస్సునం దుంచుకొందురుగాక.

విద్యాభ్యాసము

చెన్నపట్టణమున బాలుడు ప్రవేశించిన పాఠశాలకు సర్ హెన్రీ మాంట్‌గొమరీ దొరగారి యండ యుండెను. ఈ మాంట్‌గొమరీ దొర పేరు మన గోదావరి మండల చరిత్రములోను వచ్చును. క్షామములచేతను జనక్షయముచేతను కృశించిన రాజమహేంద్రవర మండలపు దుఃస్థితిని విచారించి, 1844లో ప్రభుత్వమునకు నివేదిక సమర్పించినవారు వీరే. ధవళేశ్వరపు ఆనకట్టకు దారితీసిన ప్రయత్నములలో ఆ నివేదికయు నొకటి.

పాఠశాలయందు ముత్తుస్వామి యేటేట బహుమానములను, విద్యార్థి వేతనములను సంపాదించుచు వచ్చెను. దీపమునకు నూనె కొన శక్తిలేక వీధి దీపము క్రింద కూర్చుండి చదువుకొనెనని దక్షిణదేశమున ప్రజలు నేటికిని కథలుగా చెప్పుకొందురు. 1854లో చెన్నపురి రాజధానిలోని విద్యార్థులందరిలో ఉత్తమమైన ఆంగ్లవ్యాసము వ్రాసినవారికి విద్యామండలివారు రూ. 500 బహుమానము ప్రకటింపగా, అది యాయనకే లభించెను. ఈ మొత్తమెంతటిదో తెలియవలెనన్న నొక్క చిన్న లెక్క చాలును. కరణము నొద్ద నెలకొక రూపాయి చొప్పున ఆ సొమ్మును గడింపవలెనన్నచో నలువదియొక్క సంవత్సరముల యెనిమిది మాసములు పట్టును.

ఈ విజయముచే సర్ అలెగ్జాండరు ఆర్బత్‌నాట్, న్యాయమూర్తి హాలోవే మున్నగు పెద్దల దృష్టి ఆయనపై ప్రసరించెను. ఇంగ్లండునకు పోయి సివిలు సర్వీసు పరీక్షకు కూర్చుండుటకు సహాయము చేయుదుమని వాగ్దానము లభించెను. ఆయన దాని నంగీకరింపలేదు. సముద్రయానము నాటి బ్రాహ్మణ సంఘమున నిషిద్ధము. అదిగాక అప్పటికే వివాహమైనవారు. ఆ పరీక్షయందు భారతీయుడు ప్రథమమున కృతార్థుడైనది 1863లో. వంగదేశస్థులగు సత్యేంద్రనాథ ఠాకూరుగారు ఆ గౌరవమును బొందిరి. ముత్తుస్వామి అయ్యరుగారు ఓడ నెక్కి యున్నచో నేమై యుండెడిదో యూహించుట మా పని కాదు. కాని కులపు కట్టుబాటొకటి ఆ దినమున నొక గొప్ప ద్వారమును మూసినదని మాత్రము చెప్పక తప్పదు. తిరువారూరిలో మరియొక కులమువాని యౌదార్యము ద్వారము తెరచెను. చెన్నపట్టణమున తన కులముయొక్క నిర్బంధము ద్వారమును మూసెను. రెండును ఒక్కని జీవితములోనే జరిగినవి.

ఉద్యోగ సోపానములు

రాజమార్గము మూతపడగా అయ్యరుగారు మెట్లదారి పట్టిరి. మొదట ఉపాధ్యాయులైరి. పిదప తంజావూరు కచ్చేరీలో రికార్డుల సంరక్షకులుగా నుండిరి. 1856లో పాఠశాలల డిప్యూటీ ఇన్‌స్పెక్టరైరి. ఆ కాలముననే చెన్నపురి ప్రభుత్వమువారు ప్లీడరు పరీక్షను క్రొత్తగా ఏర్పరచిరి. ప్రథమ పరీక్షలోనే అయ్యరుగారు సర్వప్రథములుగా నుత్తీర్ణులైరి. అంతట తరంగంబాడికి జిల్లా మునసబుగా నియమితులైరి. ఆ పట్టణము 1845 వరకు డేనిష్‌వారి యధీనమున నుండి, పిదప ఆంగ్లేయుల చేతికి వచ్చినది.

1859లో తంజావూరునందు డిప్యూటీ కలెక్టరుగా రెవిన్యూ వ్యవహారములు చూచిరి. 1865లో దక్షిణ కన్నడ మండలమున ప్రిన్సిపల్ సదరమీను పదవి లభించెను. తరువాతి కాలమున సబ్‌జడ్జి యను పేర ప్రసిద్ధమైన పదవి యదియే. 1868లో చెన్నపట్టణమునకు పోలీసు మేజిస్ట్రేటుగా వచ్చిరి. అప్పటికి ముప్పదియారు సంవత్సరముల యీడు. ఆ యీడున, అట్టి యుద్యోగభారమును వహించుచునే, 1857లో స్థాపితమైన చెన్నపురి విశ్వవిద్యాలయమువారి న్యాయశాస్త్ర పట్టపరీక్షకు చదివి కృతార్థులైరి. పగలు తీర్పులు చెప్పుచు రాత్రులు విద్యార్థియై యుండుట ఆయనకు సిగ్గు గొలుపలేదు. పిమ్మట చెన్నపట్టణపు స్మాల్ కాజ్ కోర్టున న్యాయాధిపతియైరి.

ఈ మెట్లను మేము వరుసగా వ్రాయుటకు కారణము కలదు. ఆయన వేర్వేరు ఉద్యోగములలో గడపిన యేండ్లన్నియు వ్యర్థములని కొందరు తలపవచ్చును; అట్లు కాదు. కరణపు లెక్క తెలిసినవాడు గ్రామభూముల దావాలోని మర్మము గుర్తింపగలడు. రికార్డులు సర్దినవాడు నిజమైన దస్తావేజునకును కల్పిత దస్తావేజునకును గల భేదము నెరుగగలడు. దక్షిణ కన్నడమున మేనల్లుండ్రకు ఆస్తి సంక్రమించు అళియసంతానాచారము గలదు. అచ్చట న్యాయాధికారము నెరపినవాడు ధర్మశాస్త్ర గ్రంథములకు వెలుపలనున్న ఆచారములను గౌరవింప నేర్చును. న్యాయశాస్త్రమును గ్రంథములనుండి యెవరైనను నేర్వవచ్చును. ప్రజల జీవితమును మాత్రము వారి నడుమ నుండియే నేర్వవలెను.

హైకోర్టు న్యాయపీఠము

చెన్నపురి హైకోర్టు 1862లో స్థాపితమైనది. అంతకుముందు పట్టణమునందు 1801 నుండి సుప్రీముకోర్టును, జిల్లాల అప్పీళ్లకు సదరదాలతును వేర్వేరుగా నుండెను. 1861 నాటి శాసనముచే ఈ రెండును ఏకమై హైకోర్టయ్యెను. ఆ శాసనము ప్రకారము న్యాయమూర్తులలో మూడవవంతునకు తక్కువ కాకుండ బారిష్టర్లును, మూడవవంతునకు తక్కువ కాకుండ సివిలు సర్వీసువారును ఉండవలెను. వీరుగాక, సదరు న్యాయస్థానముననో హైకోర్టుననో పది సంవత్సరములు వకీళ్లుగా నున్నవారికిని, ప్రిన్సిపల్ సదరమీను లేక స్మాల్ కాజ్ కోర్టు న్యాయాధిపతి పదవికి తక్కువ కాని న్యాయోద్యోగమును ఐదు సంవత్సరములు చేసినవారికిని అర్హత కలదు. బారిష్టరు పట్టమునకును, సివిలు సర్వీసునకును సముద్రము దాటవలెను. సముద్రము దాటనివారికి మిగిలినది చివర చెప్పిన ఇరుకు ద్వారమే. మంగళూరు సీమలో చేసిన కొలువును, స్మాల్ కాజ్ కోర్టులో చేసిన కొలువును ఆ ద్వారమున అయ్యరుగారికి ప్రవేశపత్రములైనవి.

కలకత్తాలో 1863లోనే శంభునాథ పండితులవారు హైకోర్టు న్యాయమూర్తులైరి. దక్షిణదేశమున అట్టి గౌరవమునకు 1878 వరకు వేచి యుండవలసి వచ్చెను. ఆ సంవత్సరమున ముత్తుస్వామి అయ్యరుగారు నియమితులు కాగా చెన్నపట్టణములోని ఆంగ్లేయ యాజమాన్యము క్రిందనున్న పత్రికలు తీవ్రముగా నాక్షేపించెను. ఆక్షేపణ ఆయన పాండిత్యమును గురించి కాదు. భారతీయునికి అట్టి పదవి తగునా యనునదియే వివాదము. దేశీయుల పక్షమున బదులు చెప్పుటకు అచ్చట తగిన ఆంగ్లపత్రిక లేకుండెను.

ఆ యవమానమును సహింపలేక ఆరుగురు యువకులు కూడిరి. ఇద్దరు ఉపాధ్యాయులు, నలుగురు న్యాయశాస్త్ర విద్యార్థులు. ఒక రూపాయి పండ్రెండణాలు అప్పు దెచ్చి, ఎనుబది ప్రతులు ముద్రించి, 1878 సెప్టెంబరు 20వ తేదీన హిందూ పత్రికను వెలువరించిరి. ఆ నలుగురు విద్యార్థులలో నొకరు మన న్యాపతి సుబ్బారావు పంతులుగారు. పిదప రాజమహేంద్రవరమున న్యాయవాదిగాను, దేశనాయకులుగాను వెలసి, ఆంధ్రభీష్ములని కీర్తింపబడినవారు. ఒక్క న్యాయమూర్తి నియామకము దక్షిణదేశమునకొక గొప్ప పత్రికను ప్రసాదించినది. ఆ పుణ్యకార్యమున తెలుగువారికిని భాగము లభించినది.

అయ్యరుగారు తమపై వచ్చిన ఆక్షేపణలకు వాగ్వాదముతో గాక తీర్పులతో సమాధానము చెప్పిరి. పదునైదు సంవత్సరములకు మించి ఆ పీఠమున నుండిరి. ఆ కాలమున ఉత్తర సర్కారుల నుండియు, దత్త మండలముల నుండియు వచ్చు అప్పీళ్లన్నియు చెన్నపురి హైకోర్టునకే చేరుచుండెను. కావున దాయభాగము, దత్తత, అవిభక్త కుటుంబ ఋణములు, ఇనాము భూములు మొదలగు విషయములలో మన పూర్వుల వివాదములును ఆయన యెదుటికి వచ్చినవి. ఆయన తీర్పులు న్యాయనివేదికలలో నేటికిని చదువ లభించుచున్నవి. 1891లో మలబారు వివాహ విచారణ సంఘమునకు అధ్యక్షత వహించిరి.

1877లో ఢిల్లీ దర్బారునకు ఆహ్వానితులై పోయిరి. 1878లో సి.ఐ.ఇ. బిరుదమును, 1893లో కె.సి.ఐ.ఇ. బిరుదమును పొందిరి. ప్రధాన న్యాయమూర్తి స్థానమున సైతము తాత్కాలికముగా కూర్చుండిరి. తిరువారూరి కరణపు గుమాస్తా రాజధానికంతటికి ధర్మాధికారియై కూర్చుండిన ఆ దినమును చూచుటకు తల్లి లేకపోయెను. 1895 జనవరిలో, అరువదిమూడేండ్లు నిండుటకు కొలది దినములు మిగిలియుండగా, పదవియందుండియే హఠాత్తుగా స్వర్గస్థులైరి. వారి పాలరాతి విగ్రహము చెన్నపురి హైకోర్టు భవనమున ప్రతిష్ఠింపబడినది.

ఒకరు తెరచిన ద్వారమున పిదప పలువురు ప్రవేశించిరి. స్వాతంత్ర్యానంతరము 1948లో తెలుగువారైన పాకాల వేంకట రాజమన్నారుగారు ఆ హైకోర్టునకే ప్రధాన న్యాయమూర్తులైరి. 1954లో గుంటూరున ఆంధ్ర హైకోర్టు వెలసినప్పుడు దానికి ప్రథమ ప్రధాన న్యాయమూర్తులైన కోకా సుబ్బారావుగారును మొదట ఆ పీఠముననే న్యాయమూర్తిగా నుండినవారు. 1966లో వారు భారతదేశ ప్రధాన న్యాయమూర్తి పదవిని సైతము అలంకరించిరి.

మనకు గ్రాహ్యమగు విషయము

ఇక వ్యాసారంభమున వాగ్దానము చేసిన కారణమును విన్నవింతుము. మన సంఘము పేద విద్యార్థులకై విద్యానిధిని నడుపుచున్నది. దాత లుదారముగా నిచ్చుచున్నారు. ఆ నిధినుండి పరకులములలోని నిరుపేద బాలురకును బాలికలకును కొంత యీయవలెనని కొందరు సభ్యులును, మన బిడ్డలకే అది చాలకున్నదని మరికొందరును వాదించుచున్నారు. రెండవ పక్షమువారి మాట అసత్యము కాదు. మన గ్రామములలో నేటికిని చదువు మానుకొని కూలికి పోవు పిల్లలు కలరు. వారిని మరచుట మాకును సమ్మతము కాదు.

అయినను ఈ చరిత్రము మనలను ఒక ప్రశ్న అడుగుచున్నది. నాటి తహసీల్దారుగారు ఎదుట నిలిచిన బాలుని కులమును విచారించి, తన కులమువాడు కాడని యూరకుండినచో నేమయ్యెడిది? ఆయన మేనల్లుడొక్కడే చెన్నపట్టణమునకు పోయి యుండును. గండి సంగతి సరిగా జెప్పిన బాలుడు ఆ లెక్కలలోనే జీవితము గడపి యుండును. నష్టము బ్రాహ్మణ కులమునకు మాత్రమేనా? న్యాయము కొరకు హైకోర్టు మెట్లెక్కిన అన్ని కులములవారికిని ఆ నష్టము తగిలి యుండెడిది కాదా? ఒక న్యాయమూర్తి వలని లాభము ఆయన కులమునకు పరిమితము కానప్పుడు, ఆయనను తయారుచేయు ధర్మము మాత్రము కులమునకు పరిమితమగుట యెట్లు న్యాయమగును?

కావున మా విజ్ఞప్తి యిది. మన నిధిలో అధికభాగము మన బిడ్డలకే వినియోగపడునుగాక. ఏటేట ఒక్క విద్యార్థి వేతనమైనను కులము నడుగక, ప్రజ్ఞను, పేదరికమును మాత్రము చూచి యీయబడునుగాక. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. మనలో ఉద్యోగులును, వర్తకులును, భూస్వాములును పలువురు కలరు. మీ కచ్చేరీలో, మీ దుకాణములో, మీ కళ్లములో అల్పవేతనమునకు పనిచేయుచున్న బాలుడెవ్వడైన నున్నచో, వానికొక కష్టమైన పని యొప్పగించి యెట్లు చేయునో చూడుడు. సరిగా చేసినచో మెచ్చి వదలివేయక, బడికి పంపుడు. నాయకరుగారు చేసిన దింతియే. ఆయన యే బిరుదమును పొందలేదు. కాని ముత్తుస్వామి అయ్యరుగారి చరిత్ర చెప్పు ప్రతి చోటను ఆయన పేరు చెప్పక తప్పదు.

మన విద్యార్థులకును ఒక్క మాట. చిన్న యుద్యోగమని దేనిని తృణీకరింపవలదు. పెద్దయీడు వచ్చినదని చదువు మానవలదు. ముప్పదియారవ యేట అధికారపీఠమున నుండియు న్యాయశాస్త్ర గ్రంథములను చేపట్టినవారి నుదాహరణముగా గైకొనుడు.

సర్వజన శ్రేయోదాయకమగు మార్గమున మన సంఘము వర్ధిల్లునుగాక యని పరమేశ్వరుని ప్రార్థించుచు, మహాసభకు విజయము కోరుచు విరమించుచున్నారము.

స్వస్తి.